పనితీరు లెక్క ఎవరి ఖాతాలో రాయాలి?

ఎంబీఏ ప్రాజెక్టుల సీజన్‌లో హనుమకొండలో ఏ జిరాక్స్ సెంటర్‌కు వెళ్లినా రిపోర్టులు బైండింగ్ కోసం దొంతర్లుగా పడి ఉంటాయి. అట్టల రంగులు మారతాయి గానీ పేర్లు పెద్దగా మారవు. ‘ఉద్యోగుల పనితీరుపై ప్రోత్సాహకాల ప్రభావం’, ‘ఉద్యోగ సంతృప్తి – పనితీరు’, ‘వర్కింగ్ క్యాపిటల్ నిర్వహణ: ఒక అధ్యయనం’. మొదటి రెండూ హెచ్‌ఆర్ పిల్లలవి, మూడోది, అంటే వ్యాపారంలో రోజూ తిరిగే డబ్బు గురించినది, ఫైనాన్స్ పిల్లలది. పక్కపక్కనే బైండింగ్ అవుతాయి, ఒకరిది ఇంకొకరు చదవరు.

నేను వరంగల్ దగ్గర పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. నాకు ఆ మూడూ ఒకే కథలా కనిపిస్తాయి. కూలీ చేతి వేగం ఒక పుస్తకంలో, మిల్లు చేతిలో ఉన్న రొక్కం ఇంకో పుస్తకంలో రాస్తాం కాబట్టి అవి వేర్వేరు అనుకుంటాం. మధ్యలో యజమాని పద్ధతి ఉంటుంది, దాన్ని ఏ పుస్తకంలోనూ రాయం.

ఒకసారి మా మిల్లుకే ఒక అమ్మాయి ప్రశ్నల కాగితాలు పట్టుకొని వచ్చింది. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు, ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా. మేనేజర్ పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసే పెద్దమనిషికి చదువు రాదు. మేనేజరే ప్రశ్న చదివి, జవాబూ తానే చెప్పి, టిక్కు పెట్టించాడు. ‘నా జీతం సకాలంలో అందుతుంది.’ పూర్తిగా అంగీకరిస్తాను. ఆ వారం కూలీ అప్పటికి నాలుగు రోజులుగా బాకీ ఉంది. బాకీ అని రాసిపెట్టింది నేనే.

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమెకు నేర్పిన పద్ధతే అది. సరిగ్గా చేసిన సర్వేలు కూడా చెప్పగలిగింది కొంతే. సంతృప్తిగా ఉన్నవాడు బాగా పనిచేస్తాడా అన్న ప్రశ్న మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లోని 312 నమూనాలను 2001లో టిమోతీ జడ్జ్, ఆయన తోటివారు కలిపి లెక్కగట్టారు. రెండింటి మధ్య సహసంబంధం సుమారు 0.30 తేలింది. అంటే మనిషికీ మనిషికీ పనితీరులో కనిపించే తేడాలో తొమ్మిది శాతమే సంతృప్తితో ముడిపడి ఉంది. అది కూడా ఎటు నుంచి ఎటో తెలియదు. సంతోషంగా ఉన్నాడు కాబట్టి బాగా చేస్తున్నాడా, బాగా చేస్తే మెచ్చుకుంటారు కాబట్టి సంతోషంగా ఉన్నాడా? లేక అతనికి పడ్డ మిషను మంచిదై, రెండూ దానివల్లే వచ్చాయా? ఒకే రోజు, ఒకే కాగితం మీద, ఒకే మనిషిని ‘సంతోషమేనా? బాగా పనిచేస్తున్నావా?’ అని అడిగితే ఈ ముడి విడిపోదు.

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో హాథార్న్ ప్రయోగాల పేరు వినని విద్యార్థి ఉండడు. 1924 నుంచి 1932 దాకా చికాగో దగ్గర ఒక టెలిఫోన్ పరికరాల ఫ్యాక్టరీలో జరిగినవి. దీపాల వెలుగు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగింది, కాబట్టి ఎవరో తమను గమనిస్తున్నారన్న భావనే మనుషుల చేత పని చేయించింది అని చెప్తారు. ఆ దీపాల ప్రయోగం అసలు లెక్కలను లెవిట్, లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వెతికి పట్టుకొని 2011లో మళ్లీ చూస్తే, చెప్పుకున్నంత పెద్ద ప్రభావం అందులో కనిపించలేదు. పాఠం మాత్రం అలాగే నడుస్తోంది.

సర్వేలు వదిలేసి, ఏదో ఒక్కటి మార్చి చూసిన పరిశోధనల దగ్గరికి వస్తే విషయం కొంచెం తేటపడుతుంది.

మొదట పనికి తగ్గ కూలీ. ఇది మనకు కొత్త కాదు. నిజామాబాద్, జగిత్యాల ఇళ్లల్లో బీడీలకు వెయ్యికింత. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద మీటరుకింత. ఎనుమాముల మార్కెట్లో హమాలీకి బస్తాకింత. ఇలా ఇస్తే పని పెరుగుతుందా? అమెరికాలో కార్ల అద్దాలు బిగించే సేఫ్‌లైట్ అనే కంపెనీ గంటల జీతం నుంచి అద్దానికింత అనే పద్ధతికి మారినప్పుడు ఎడ్వర్డ్ లేజియర్ ఆ లెక్కలు చూసి 2000లో రాశాడు. మనిషికి పడే పని 44 శాతం పెరిగింది. చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఆ పెరుగుదలలో దాదాపు సగమే పాత మనుషులు ఎక్కువ చేయడం వల్ల వచ్చింది. మిగతాదాంట్లో కొంత, చురుకైనవాళ్లు కొత్తగా వచ్చి చేరడం వల్ల వచ్చింది. అంటే కూలీ పద్ధతి మనిషిని మార్చడమే కాదు, మనుషులను ఏరుతుంది కూడా.

ఈ ఏరడం అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన వైపు అది ఊళ్లకు ఊళ్లనే ఏరింది. మంచి పనివాడైన నేతన్న సూరత్, భివండీ, షోలాపూర్ పోయాడు. ఇంకొకడు దుబాయ్ పోయాడు. ఇక్కడి యజమాని ‘మనవాళ్లకు పనిమీద మనసు లేదు’ అంటుంటే, మనసున్నవాళ్లు ఏ బస్సు ఎక్కారో అడగాలనిపిస్తుంది. ఇంకో చిక్కు నాణ్యత. వెయ్యికింత అన్నప్పుడు వెయ్యి బీడీలు వస్తాయి, అందులో కొన్ని వదులుగానూ వస్తాయి. అందుకే బీడీ కంపెనీలో చుట్టేవాళ్లతో పాటు ఏరి పక్కన పడేసేవాళ్లు కూడా ఉంటారు. ఎన్ని పడేయాలన్నది వాళ్ల దయ. ఆ గొడవ తెలియాలంటే బీడీలు అప్పజెప్పే పూట అక్కడ నిలబడాలి.

కూలీ ఎంత అన్నది సరే, ఎప్పుడు అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. నా లెక్కన ఈ రంగంలో ఇటీవల వచ్చిన పనుల్లో మనం అన్నిటికంటే ముందు చదవాల్సింది దీని గురించే. సుప్రీత్ కౌర్, సెంథిల్ ముల్లైనాథన్, సువాన్నా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ కలిసి ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీల మీద చేశారు. ములుగు, ఏటూరునాగారం వైపు మోదుగాకు విస్తర్లు చూసినవాళ్లకు ఆ పని ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొలం పనులు లేని రోజులు, చాలామందికి అప్పులు. విస్తరికింత కూలీ. కూలీ రేటు అందరికీ ఒకటే. కొందరికి మాత్రం చేసినదాంట్లో కొంత సొమ్ము నాలుగు రోజులు ముందుగా చేతిలో పెట్టారు. పైసా ఎక్కువ ఇవ్వలేదు. డబ్బు చేతికొచ్చాక వాళ్ల పని ఆరేడు శాతం పెరిగింది. బాగా పేదవాళ్లలో అంతకంటే ఎక్కువ. పొరపాట్లు కూడా తగ్గాయి.

పొరపాట్లు తగ్గడమే ఇందులో కీలకం. ఉత్సాహంతో ఉరుకులాడితే తప్పులు పెరగాలి గదా. ఇక్కడ వేగం పెరిగి తప్పులు తగ్గాయంటే బుర్రలో ఏదో బరువు దిగింది. కిరాణా కొట్టు బాకీ, చిట్టీ కట్టాల్సిన తారీఖు, సంఘం కిస్తీ. కుడుతున్న చెయ్యి ఇక్కడే ఉంది గానీ ధ్యాస ఆ బాకీల చుట్టూ తిరుగుతోంది. దాన్నే మనం టెన్షన్ అంటాం. పరిశోధకులు దాన్ని విస్తర్లలో కొలిచారు.

మరి మిల్లులో కూలీ ఎందుకు ఆలస్యమవుతుంది? యజమాని చెడ్డవాడు కాబట్టి అనుకుంటే పని తేలిక. మా మిల్లు లెక్కలాంటిదే ఒకటి గుండ్రటి అంకెలతో చూపిస్తాను. రోజుకు 200 క్వింటాళ్ల పత్తి కొంటాం. క్వింటాలు 7,000 అనుకుంటే రోజుకు 14 లక్షలు. రైతుకు డబ్బు వెంటనే కావాలి, అది న్యాయం. ఆ పత్తిని ఆడిస్తే బరువులో మూడో వంతు దాకా దూది వస్తుంది, మిగతాది ఎక్కువగా గింజ. దూదిని 170 కిలోల బేళ్లు కట్టి, లారీ నిండేదాకా ఆగి, స్పిన్నింగ్ మిల్లుకు పంపిస్తే వాళ్లు 45 రోజులకు డబ్బు వేస్తారు. సరుకు మా దగ్గర ఉండే రోజులు 15 వేసుకుంటే మొత్తం 60 రోజులు. అరవై పద్నాలుగులు 840, అంటే 8 కోట్ల 40 లక్షలు ఎప్పుడూ దారిలోనే ఉంటాయి. ఇంత సొంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు, బ్యాంకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే కావాల్సినప్పుడు వాడుకునే అప్పు పరిమితి) మీద బండి నడుస్తుంది. కొన్నవాడు పది రోజులు ఆలస్యం చేస్తే ఇంకో కోటీ 40 లక్షలు కావాలి. లిమిట్ అప్పటికే నిండిపోయి ఉంటుంది.

ఇప్పుడు కూలీ చూడండి. 60 మంది, రోజుకు 600, ఆరు రోజులు. 2 లక్షల 16 వేలు. కోటీ 40 లక్షల గుంటను 2 లక్షల మట్టితో పూడ్చలేం. అయినా మొదట ఆగేది ఈ 2 లక్షలే. రైతును ఆపితే రేపు పత్తి రాదు. బ్యాంకును ఆపితే ఖాతా మీద మచ్చ పడుతుంది. కరెంటు బిల్లు ఆపితే ఫ్యూజు పీకుతారు. వడ్డీ అడగకుండా ఆగే అప్పులవాడు మిల్లుకు ఒక్కడే ఉన్నాడు, కూలీ. మామూలుగా వర్కింగ్ క్యాపిటల్ రిపోర్టులో ఈ అప్పు కనిపించదు. ‘చెల్లించాల్సిన ఖర్చులు’ అనే ఒక్క వరుసలో దూరిపోతుంది.

దానివల్ల మిల్లుకు ఎంత మిగిలిందో ఒకరోజు ఊరికే వేసి చూశాను. 2,16,000 రూపాయలు ఒక వారం ఆపితే, బ్యాంకు వడ్డీ ఏడాదికి 10 శాతం లెక్కన ఆదా అయ్యేది సుమారు 414 రూపాయలు. అదే వారం కూలీ ఇంటిదగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి చెయ్యి చాస్తాడు, అంటే ఏడాదికి 36 శాతం. గిరిగిరి వడ్డీవాడి దగ్గరికి పోతే ఇంకా ఎక్కువ. ఒడిశా ఆరేడు శాతాన్ని తెచ్చి ఇక్కడ అంటించను, విస్తరాకు వేరు, జిన్ను వేరు. ఒక్క శాతం పని తగ్గిందనుకున్నా రోజుకు రెండు క్వింటాళ్ల పత్తి ఆడకుండా మిగిలిపోతుంది. దాని పక్కన ఆ 414 రూపాయలు పెట్టి చూడండి.

చట్టం లేదా అంటే ఉంది. చిన్న సంస్థల దగ్గర కొన్నవాళ్లు ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెప్తుంది. దాటితే చక్రవడ్డీ. 2024 నుంచి ఆదాయపు పన్ను వైపు నుంచీ ఒక మెలిక పెట్టారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా కట్టని బిల్లును, అది కట్టేదాకా ఖర్చుగా చూపించుకోలేరు. బాగానే ఉంది. కానీ సరుకు కొనే పార్టీ మీద కేసు వేసి, మళ్లీ వచ్చే వారం అతనికే బేళ్లు అమ్మాలి. అంత ధైర్యం చేసిన మిల్లును నా తొమ్మిదేళ్లలో చూడలేదు.

ఇక మూడోది, యజమాని పద్ధతి. దీని మీద అందరికంటే గట్టి ప్రయోగం మన దేశంలోనే, ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో జరిగింది. నికోలస్ బ్లూమ్ బృందం 17 సంస్థలకు చెందిన 28 మిల్లులను తీసుకుంది. కొన్నింటికి ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ చేత నెలల తరబడి ఉచితంగా సలహాలు ఇప్పించింది, మిగతావాటిని పోల్చుకోవడానికి ఉంచింది. సలహాల్లో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. మిషను ఎందుకు ఆగిందో రాసిపెట్టు. నూలు ఏ రంగు ఎంత ఉందో లెక్క పెట్టి అరల్లో సర్దు. నేలమీద నూనె, చెత్త తుడువు. ఏ లోపం ఏ మగ్గం దగ్గర వస్తుందో రోజూ చూడు. ఇలాంటివే మొత్తం 38. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో రాశారు. కూలీలను మార్చలేదు, కొత్త మిషన్లు దించలేదు.

ఇంత తేలికైనవి ముందే ఎందుకు చేయలేదు? యజమానులు చెప్పిన జవాబులు చదువుతుంటే మా సేటు మాటలు విన్నట్టే ఉంది. లాభం వస్తోంది గదా, ఇంకేం కావాలి. మా దగ్గర లోపాలు తక్కువే. కొలిచినవాడు లేడు కాబట్టి తక్కువే అనిపిస్తుంది. ఇంకోటి, పెత్తనం ఇంట్లోవాళ్లకే ఇస్తారు. కొడుకో తమ్ముడో ఉంటే రెండో యూనిట్ పెడతారు, లేకపోతే లేదు. మిల్లు ఎంత పెరగాలన్నది ఇంట్లో ఎంతమంది మగపిల్లలు ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. మన దగ్గర బావమరిదిని కూడా కలుపుకోవాలి. ఎనిమిది తొమ్మిదేళ్ల తర్వాత బ్లూమ్ బృందమే మళ్లీ పోయి చూస్తే, పెట్టిన పద్ధతుల్లో దాదాపు సగం జారిపోయాయి. మేనేజర్ మారిన చోట ఎక్కువగా జారాయి. అయినా సలహా అందని మిల్లుల కంటే ముందే ఉన్నాయి.

వరంగల్‌లో ఈ మాట ఎత్తితే ఎవరో ఒకరు ఆజంజాహి మిల్లు సంగతి తెస్తారు. 1934లో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లు, కూత విని ఊరు టైం చూసుకునేదట. ఎందుకు మూతపడిందని అడిగితే కార్మికుల ఇళ్లలో ఒక జవాబు, వ్యాపారుల ఇళ్లలో ఇంకో జవాబు. రెండూ విన్నాను. పాత మిషన్లు, వాటి మీద పెట్టని పెట్టుబడి ఈ రెండు జవాబుల్లోనూ కొంచెమే కనిపిస్తాయి.

పంచుకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు దసరా అంటే సింగరేణి లాభాల వాటా. 2023–24లో కంపెనీ లాభం 4,701 కోట్లు. అందులో విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ప్రకటించారు. 41 వేల పైచిలుకు పర్మినెంట్ కార్మికులకు సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా తలా 5,000.

ఇంత వాటా పనితీరును పెంచుతుందా? ఒక కార్మికుడు ఎక్కువ చెమటోడ్చి కంపెనీకి లక్ష రూపాయలు అదనంగా తెస్తే, అతని వాటా కింద తిరిగొచ్చేది రూపాయి కూడా కాదు. పైగా లాభం బొగ్గు ధర మీదా, కరెంటు సంస్థల బాకీల మీదా ఆధారపడుతుంది. కాబట్టి చేతి వేగం దీనివల్ల పెరుగుతుందని నేననుకోను. మస్టర్లు (పనికొచ్చిన రోజులు) లెక్కలోకి వస్తాయి కాబట్టి హాజరుకు కొంత పనికొస్తుంది, కంపెనీ మనది అనే పట్టింపుకు ఇంకొంత.

లక్షా 90 వేలు, 5,000 పక్కపక్కన పెట్టినప్పుడు ఇంకో పరిశోధన గుర్తొస్తుంది. ఇదీ ఒడిశాలోదే. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శాందసాని 2018లో ప్రచురించారు. ఒకే పని చేసే కూలీలకు కొన్ని జట్లలో సమాన కూలీ, కొన్నింట్లో ఎక్కువ తక్కువలు. ఎవరు ఎంత చేశారో కంటికి కనిపించని పనుల్లో, తక్కువ పడ్డవాళ్ల పని తగ్గింది, హాజరు 18 శాతం పాయింట్లు పడిపోయింది. రానిరోజు కూలీ పోతుందని తెలిసీ రాలేదు. ఎవరి పని ఎంతో అందరికీ కనిపించే చోట మాత్రం ఈ గొడవ లేదు. పక్కవాడు రెండింతలు చేశాడని చూస్తే రెండింతలు తీసుకున్నా మనిషి ఒప్పుకుంటాడు. ఒకే గనిలో, ఒకే దుమ్ములో, గేటు పాసు రంగును బట్టి తేడా వస్తే ఒప్పుకోవడం కష్టం.

కొలతలు పెట్టి మనుషులను తరిమితే ఏమవుతుందో కూడా ఈ జిల్లాలు చూశాయి. మైక్రోఫైనాన్స్ రోజుల్లో ఫీల్డు స్టాఫ్ పనితీరు అంటే ఎన్ని లోన్లు ఇచ్చాడు, ఎంత శాతం వసూలు చేశాడు. కాగితం మీద పనితీరు బ్రహ్మాండం. వసూళ్ల వేధింపులను ఆపడానికి 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వచ్చింది పరిస్థితి.

నిరుడు మా వీధి పిల్లాడు ఒకడు వచ్చాడు. ‘అన్నా, ప్రాజెక్టు వారంలో సబ్మిట్ చెయ్యాలె, మీ మిల్లోళ్లతో వంద ఫారాలు నింపిస్తరా’ అన్నాడు. ఫారాలు వద్దన్నాను. నా దగ్గర రెండు సీజన్ల హాజరు, కూలీ చెల్లింపుల నకలు ఉంది. శనివారం కూలీ పడని వారాల్లో సోమవారం హాజరు పలచగా ఉండేదని నాకో అనుమానం ఎప్పటినుంచో ఉంది. మేనేజర్ దాన్ని ఆదివారం తాగుడు ఖాతాలో రాసేవాడు. నా అనుమానమూ తప్పు కావచ్చు. పత్తి ఏరే రోజుల్లో సగంమంది సొంత చేలకు పోతారు. మేడారం జాతర వారంలో అసలు మిల్లే ఖాళీ. అలాంటి వారాలు తీసేసి, కూలీ పడ్డ శనివారాలు, పడని శనివారాలు విడిగా పెట్టి చూడాలి.

పేర్లున్న వరుస మీద తెల్ల కాగితం అంటించి జిరాక్స్ తీయించి ఇచ్చాను. వాడు పేజీలు తిప్పి, ‘సంతృప్తి కాలమ్ ఏదన్నా’ అన్నాడు.

‘అది లేదు తమ్మీ. ఉన్నది తారీఖులే.’